డిజిటల్ కెమెరా – మోసుకెళ్లేటప్పటి జాగ్రత్తలు (మెట్‌పల్లి ప్రాంతం)

కెమెరా చేతిజారి కింద పడితే నష్టం అప్పుడే తెలుస్తుంది. దుమ్ము, చెమ్మ, ఎండ చేసే చెరుపు నెలల తర్వాత బయటపడుతుంది. ఈ వ్యాసం ఎక్కువగా ఈ రెండో రకం గురించే.

మెట్‌పల్లి జగిత్యాల జిల్లాలోని పట్టణం. 2016 అక్టోబర్ 11న ఆ జిల్లా ఏర్పడేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. 63వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా పోతుంది. ఉత్తరాన గోదావరి, నది దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా అడవులు. పసుపు, వరి పండే ఈ నేలలో దుమ్ముకూ తేమకూ వేర్వేరు కాలాలున్నాయి. కెమెరా జాగ్రత్తలు కూడా ఆ కాలాలను బట్టే మారాలి.

మోత

1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా బరువు 3.6 కిలోలు. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఇప్పుడు లెన్స్‌తో కలిపినా చాలా కెమెరాలు కిలో అటూ ఇటుగా ఉంటున్నాయి. బరువు తగ్గాక బెల్టును మణికట్టుకు చుట్టుకుని ఊపుకుంటూ నడిచే అలవాటు వచ్చింది. జనంలో తిరిగేటప్పుడు బెల్టు ఒక భుజం మీంచి ఛాతీకి అడ్డంగా రావాలి, కెమెరా నడుము పక్కన ఆనాలి. బెల్టును కెమెరాకు కలిపే కొక్కేలను నెలకోసారైనా లాగి చూడాలి.

బండి మీద వెళ్లేటప్పుడు డిక్కీలోనో, ట్యాంకు మీదనో కెమెరా పెట్టకూడదు. ఇంజను అదురుకు లెన్స్ మరలు వదులవుతాయి, చేతి వణుకును సరిచేసే సున్నితమైన భాగం దెబ్బతింటుంది. 2021లో ఆపిల్ సంస్థ తన ఫోన్ కెమెరాల గురించి ఇదే హెచ్చరిక చేసింది. మెత్త ఉన్న బ్యాగులో పెట్టి వీపుకు తగిలించుకుంటే ఆ అదురును చాలావరకు మనిషి ఒళ్లే ఆపుతుంది.

పసుపు, ఊక, తలంబ్రాలు

జనవరి నుంచి పసుపు తవ్వకాలు, ఉడికించడాలు, ఎండబెట్టడాలు సాగుతాయి. ఎండిన కొమ్ములను డ్రమ్ములో వేసి పాలిష్ పట్టే చోట గాలి నిండా సన్నని పొడే. అది బటన్ల సందుల్లోకి, లెన్స్ జూమ్ రింగు కిందికి చేరుతుంది. పసుపులోని రంగు నీటిలో దాదాపు కరగదు కాబట్టి తడిగుడ్డతో తుడిస్తే మరక ఇంకా పాకుతుంది. ముందు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాత మెత్తని కుంచెతో దులపాలి, గుడ్డ చివరికి. వరికోత రోజుల్లో కల్లాల దగ్గర లేచే ఊక దుమ్ము పసుపు కంటే గరుకు. దాన్ని దులపకుండా తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి.

మెట్‌పల్లి ఖాదీకి పేరున్న ఊరు. బ్యాగులో కెమెరా చుట్టూ కప్పడానికి ఖాదీ గుడ్డ బాగా పనికొస్తుంది, చెమ్మ పీల్చుకుంటుంది. లెన్స్ అద్దాన్ని మాత్రం దానితో తుడవకూడదు. చేనేత పోగుల మధ్య దుమ్ము నిలుస్తుంది. అద్దానికి మైక్రోఫైబర్ గుడ్డే వాడాలి. చొక్కా అంచుతో తుడవడం, నోటితో ఊదడం రెండూ చెడ్డ అలవాట్లే. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది.

పెళ్లి ఫోటోలు తీసేవారికి తలంబ్రాల ఘట్టం అసలు పరీక్ష. పసుపు కలిపిన బియ్యం గింజలు ఫ్లాష్ తగిలించే గాడిలో ఇరుక్కుంటాయి, పొడి లెన్స్ మీద పడుతుంది. ఆ సమయంలో లెన్స్ మార్చే పని పెట్టుకోకూడదు. మార్చక తప్పకపోతే కెమెరా ఆపి, నోరు నేలవైపు తిప్పి, గాలికి వీపు పెట్టి చెయ్యాలి. సెన్సర్ మీది దుమ్మును అల్ట్రాసోనిక్ కంపనంతో దులిపే ఏర్పాటు 2003లో ఒలింపస్ ఇ-1తో వచ్చింది. పొడి దుమ్ముకు అది సాయం చేస్తుంది కానీ జిడ్డుతో అతుక్కున్నదాన్ని వదిలించలేదు.

వాన, ఫంగస్

వానాకాలమే అన్నిటికంటే ప్రమాదం. గాలిలో తేమ చాలా రోజులపాటు 60–70 శాతం దాటితే లెన్స్ లోపల ఫంగస్ పెరుగుతుంది. మొదట సాలెగూడు పోగులా కనిపిస్తుంది. అది వదిలే ఆమ్లాలు అద్దం మీది పూతను తినేస్తాయి, ఆ తర్వాత శుభ్రం చేసినా మచ్చ మిగులుతుంది. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో మరిచిపోవడం దీనికి దారి వేస్తుంది. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు పెట్టి, లోపల 40–50 శాతం ఉండేలా చూసుకుంటే చాలు. రంగు మారిన సిలికా జెల్‌ను వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో కెమెరా పెట్టడం వద్దు. బియ్యం తేమను సరిగ్గా పీల్చదు, తవుడు మాత్రం లోపలికి పోతుంది.

వానలో తడిస్తే తువ్వాలతో అద్దాలి, రుద్దకూడదు. నీళ్లలో పడితే బ్యాటరీ, కార్డు తీసెయ్యాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చెయ్యడమే చాలా కెమెరాల ప్రాణం తీస్తుంది.

ఎండ, చలి

చాలా కంపెనీలు తమ కెమెరాలు 0 నుంచి 40 డిగ్రీల మధ్య పనిచేస్తాయని రాస్తాయి. మే నెలలో ఇక్కడ నీడలోనే ఆ హద్దు దాటుతుంది. ఎండలో ఆపిన కారు లోపల ఇంకా ఎక్కువ. మిర్రర్‌లెస్ కెమెరాకు మూత లేకుండా లెన్స్ సూర్యుడి వైపు ఉండిపోతే భూతద్దం కింద కాగితంలా షట్టరో సెన్సరో కాలిపోవచ్చు.

చలికాలం కష్టం వేరు. పుష్య అమావాస్యకు గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు వెళ్లి, రాత్రంతా చలిలో ఉన్న కెమెరాను వెచ్చని గదిలోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబులా చెమర్చుతుంది. బ్యాగు జిప్పు వెయ్యకముందు గదిలోకి తేకూడదు. లోపలికి వచ్చాక అరగంట దాకా తియ్యకూడదు. మెట్‌పల్లి, కోరుట్ల వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవారికి ఇదే తిరగబడి ఎదురవుతుంది. ఆగస్టులో దుబాయిలో ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన లెన్స్ మీద క్షణంలో ఆవిరి కమ్ముతుంది. అక్కడా మందు ఒక్కటే, మూసిన బ్యాగులోనే బయటి వేడికి అలవాటు పడనివ్వడం.

విమానంలో విడి లిథియం బ్యాటరీలను పెద్ద పెట్టెలో వెయ్యనివ్వరు, చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. కొసలకు టేపు అంటించాలి, తాళంచెవులు తగిలితే షార్టవుతాయి. మెమరీ కార్డులను ఫోటోలు రెండు చోట్ల దాచుకున్నాకే ఖాళీ చెయ్యాలి, అదీ కంప్యూటర్లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యాలి.