మంచుదీవిలో మన సంతకం

మాఘమాసపు తెల్లవారుజామున శామీర్‌పేట చెరువుకట్టమీద నిలబడితే చలి అనగా ఏమో మనకు బాగా తెలుసుననిపిస్తుంది. పాలక్యానులు కట్టుకొని మేడ్చల్ బాటన పోయేవారు చెవులకు తువ్వాలు చుట్టుకుంటారు. నీటి అంచున బురదలో పరుగులు తీసే ఉల్లంకి జాతి చిన్నపిట్టలకు మాత్రం ఆ బాధ లేదు. వాటిలో కొన్ని జాతులు వేసవిలో ఉత్తరధ్రువ మండలపు తీరాలలో గుడ్లు పొదిగి, శీతకాలం గడపడానికి మన చెరువుల దరికి దిగివస్తాయి. వాటి లెక్కకు మనది వెచ్చని సీమ.

ఆ ధ్రువమండలంలోనే స్వాల్‌బార్డ్ అనే దీవుల సముదాయం ఉన్నది. మేము నేడు దాని చరిత్రను ముచ్చటింపబూనుటకు కారణం ఒక పాత పత్రము, పిడికెడు మట్టి. ఆ రెండింటి మూలంగా ఆ దీవులకూ మనకూ చుట్టరికం కలిసినది.

మేడ్చల్ 17వ అక్షాంశానికి కొంచెం పైన ఉండగా స్వాల్‌బార్డ్ 74, 81 అక్షాంశాల నడుమ ఉన్నది. వైశాల్యం 61,000 చదరపు కిలోమీటర్లు, అనగా మన తెలంగాణలో సగానికి కొంచెం మిక్కిలి. అందులో సగానికి పైగా హిమానీనదాలే. దాని పడమటి తీరాన అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు మరల ఫిబ్రవరి నడుమ గాని కనిపించడు. అక్కడ ఆదిమవాసులు ఎన్నడూ లేరు. కనుక ధ్రువమండలపు తక్కిన నేలల చరిత్రలో కనిపించే ఒక పాపం ఇక్కడ లేదు: ఎవరి ఇంటినీ ఎవరూ దోచుకోలేదు. ఆ దోపిడీ మూగజీవాల పాలైనది.

1596లో విలియం బారెంట్స్ అనే డచ్చి నావికుడు ఉత్తరాన మంచుసముద్రం మీదుగా చీనాకు, ఇండియాకు దారి వెదకుతూ బయలుదేరినాడు. మన మిరియాలు, మన బట్టలు అతనిని అంత దూరం లాగినవని చెప్పుట అతిశయోక్తి కాదు. ఆ యేడు జూన్ 17వ తేదీన వాడికొండల నేల ఒకటి కంటబడగా దానికి స్పిట్స్‌బెర్గెన్ అని పేరు పెట్టినారు. అక్కడ బాతులు గుడ్లమీద కూర్చొని ఉండుట చూసి ఓడవారు విస్తుపోయినారట! ఆ బాతులు చెట్లకు కాస్తాయని నాటి ఐరోపాలో కొందరు నమ్మేవారు. ఇండియా దొరకలేదు గాని ఒక అపోహ వీడినది. పిమ్మట తూర్పున నోవయా జెమ్ల్యా దీవివద్ద ఓడ మంచులో బిగుసుకొనగా, పదిహేడుగురు కొట్టుకువచ్చిన కలపతో ఇల్లు కట్టుకొని చలికాలం గడిపినారు. 1597 జూన్‌లో తిరుగుదారిలో బారెంట్స్ మరణించినాడు. పన్నెండుగురు ఇల్లు చేరినారు.

తరువాతి కథ తిమింగిలాలది. 1607లో హెన్రీ హడ్సన్ ఆ నీళ్ళలో అవి మెండుగా ఉన్నవని వార్త తెచ్చినాడు. నాలుగేండ్లలో వేట మొదలైనది. ఇంగ్లీషువారు, డచ్చివారు రేవులకోసం పోట్లాడుకున్నారు. డచ్చివారు తిమింగిలపు కొవ్వు కాచిన స్థలానికి ‘కొవ్వుపట్నం’ అనే అర్థం వచ్చే పేరే మిగిలినది. ఐరోపా నగరాలలో దీపాలు వెలిగినవి, సబ్బులు తయారైనవి. ఆ నీళ్ళలో తిమింగిలం దాదాపు అంతరించినది.

ఈ చరిత్రలో మా మనస్సుకు పట్టినది నలుగురు రష్యను వేటగాళ్ళ సంగతి. 1743లో వారి ఓడ ఎడ్జోయా అనే దీవి దగ్గర మంచులో చిక్కుకొన్నది. ఒడ్డున పాత గుడిసె ఒకటి ఉన్నదని విని అలెక్సీ హిమ్కోవ్, ఇవాన్, ఇంకొక యిద్దరు మంచుమీద నడిచి వెళ్ళినారు. ఒక తుపాకి, పన్నెండు గుండ్లు, గొడ్డలి, చిన్న గిన్నె, కొంచెం పిండి వారి ఆస్తి. మరునాడు తీరానికి వచ్చి చూస్తే మంచూ లేదు, ఓడా లేదు. పన్నెండు గుండ్లకు పన్నెండు జింకలు పడినవి. అంతటితో మందు అయిపోయినది. ఒడ్డుకు కొట్టుకువచ్చిన కలపలోని మేకులను సాగగొట్టి బల్లెములు చేసినారు. వాటితో ఎలుగును చంపి, దాని నరములను వింటికి నారిగా కట్టినారు. మట్టితో ప్రమిద చేసి జింక కొవ్వుతో దీపం నిలిపినారు. చీకటి నెలలు కూడ కలుపుకొని తిథివారాల లెక్క దాదాపు తప్పనీయలేదు. జింక వేడినెత్తురు త్రాగితే స్కర్వీ రాదని ముగ్గురు త్రాగినారు. త్రాగనొల్లని నాలుగవవాడు దానితోనే పోయినాడు. ఆరు సంవత్సరాలకు, 1749 ఆగస్టులో, ఒక ఓడ వారి మంట చూసి దగ్గరకు వచ్చినది. ధ్రువయాత్రా గ్రంథాలలో విమానాలకు, బెలూనులకు ఇచ్చిన పుటలు వీరికి ఇయ్యలేదు. ఆ యాత్రికులు కీర్తికై వెళ్ళినారు, వీరు కూటికై వెళ్ళినారు; భేదం అంతే కావచ్చును.

ఇరవయ్యవ శతాబ్దం రాగానే బొగ్గు వంతు వచ్చినది. అమెరికావాడైన లాంగియర్ 1906లో గనులు తెరిపించినాడు. నేల ఎవరిదీ కాదు, బొగ్గు అందరికీ కావలెను. ఈ చిక్కు తీర్చుటకు 1920 ఫిబ్రవరి 9వ తేదీన పారిస్ నగరంలో ఒక ఒడంబడిక వ్రాసుకున్నారు. దాని ప్రకారం దీవులపై అధికారం నార్వేది. అయితే చేవ్రాలు చేసిన దేశాల ప్రజలందరికీ అక్కడ వేటకు, గనులకు సమాన హక్కు ఉండవలెను. నౌకాస్థావరాలు, కోటలు కట్టరాదు.

అందులో ‘ఇండియా’ పేరు కూడ ఉన్నది. ఇండియా తరఫున చేవ్రాలు చేసినది బ్రిటిషు రాయబారి, డెర్బీ ప్రభువు. జలియన్‌వాలాబాగ్ నెత్తురు పారి అప్పటికి ఏడాది కూడ నిండలేదు. తమ దేశంలో సభ కూడుటకే స్వేచ్ఛ లేని ప్రజలకు, ఎన్నడూ చూడని మంచునేలలో బొగ్గు త్రవ్వుకొనే హక్కు లభించినదన్నమాట! వారిని అడిగినవారు లేరు. ఇక నిజాము ఏలుబడిలోని మేడ్చల్ రైతును అడుగుటన్నది వట్టిమాట. ఆ సంవత్సరమే మన బొగ్గుగనుల సంస్థకు సింగరేణి కాలరీసు అనే పేరు వచ్చినది. ఆ గనులలో దిగినవారికీ ఈ హక్కు మాట తెలియదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడ ఆ పత్రం చాలాకాలం బీరువాలోనే నిద్రించినది. ఈలోగా న్యూ ఓలెసుండ్ అనే గనిపల్లెలో 1962 నవంబరున ప్రేలుడు సంభవించి ఇరువదియొక్కరు మరణించినారు. మరుసటి యేడు ఆ విషయమై నార్వే మంత్రివర్గమే పడిపోయినది. గని మూసినారు, పల్లె పరిశోధకుల నెలవైనది. 2007 ఆగస్టులో మన శాస్త్రజ్ఞుల మొదటి బృందం అక్కడ కాలుపెట్టినది. 2008 జూలై 1న ‘హిమాద్రి’ అనే భారతీయ పరిశోధనాకేంద్రం తెరచినారు. సంతకానికీ అడుగుకూ నడుమ ఎనుబది ఏండ్లు దాటినవి! 2014లో మనవారు అక్కడి సముద్రశాఖలో 192 మీటర్ల లోతున కొలతల పరికరాలు దించినారు. ధ్రువపు మంచు కరుగుటకూ మన నైరుతి వానలకూ సంబంధమేమో తేల్చుట వారి ఉద్దేశాలలో ఒకటి. వానకై మబ్బుచూసే మేడ్చల్ రైతుకు బొగ్గు హక్కు కంటె ఇదియే ఎక్కువ అక్కరకు వచ్చే సంగతి.

ఇక ఆ మట్టి సంగతి. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని హబ్సిగూడలో కణజీవశాస్త్ర పరిశోధనాలయమైన సీసీఎంబీ ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు స్వాల్‌బార్డ్ మట్టినుండి లోకానికి అదివరకు తెలియని ఒక సూక్ష్మజీవిని వేరుచేసి, 2013లో దానికి ‘ఆర్క్టిసిబాక్టర్ స్వాల్‌బార్డెన్సిస్’ అని నామకరణం చేసినారు. నాలుక తిరుగని పేరే గాని, ఆ దీవుల పేరును ఒక ప్రాణికి తగిలించినవారు మన ఊరివారు.

2023 డిసెంబరులో మనవారు చలికాలంలో కూడ హిమాద్రిలో ఉండి పనిచేయుటకు పూనుకున్నారు. సూర్యుడు లేని ఆ నెలలలో, ఒకనాడు హిమ్కోవ్ జింక కొవ్వుతో ప్రమిద వెలిగించిన ఆ దీవులలోనే, మన పరిశోధకులు విద్యుద్దీపం కింద కూర్చొని ఆకాశాన్ని కొలుస్తున్నారు.