గ్లాకోమా చుక్కలు, నిద్ర మందులు: వికారాబాదు, తాండూరు

గ్లాకోమా (నీటికాసులు)కు వేసే చుక్కల మందులో కొంత కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి, అక్కడి నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. నిద్ర కోసం మింగినదానితో దానికి పేచీ వచ్చేది ఇక్కడే. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క కంటి కొనను రెండు మూడు నిమిషాలు నొక్కిపట్టమనడం ఇందుకే.

ఈ చుక్కల్లో బ్రిమోనిడిన్ స్వతహాగా మగతనిస్తుంది. నిద్ర కోసం వాడే అశ్వగంధ, తగర, ఆల్ప్రజోలమ్ తోడైతే అది పెరగవచ్చు. టిమోలాల్ నాడి వేగాన్ని తగ్గిస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు. తాండూరు నాపరాయి పాలిషింగ్ దుమ్ములో పనిచేసి ఆయాసపడేవారు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పడం అవసరం. లాటానోప్రోస్ట్‌కు నిద్ర మందులతో చెప్పుకోదగ్గ చిక్కు లేదు. మెలటోనిన్ కంటి ఒత్తిడిని కాస్త తగ్గిస్తుందని కొన్ని చిన్న అధ్యయనాలు అంటాయి. చుక్కలు మానేయడానికి అది చాలదు.

కంటిలోని నీరు బయటికి పోయే కోణం ఇరుకైన కళ్ల సంగతి వేరు. నిద్ర పడుతుందని వేసుకునే ఎవిల్ (ఫెనిరమిన్), డైఫెన్‌హైడ్రమిన్, అమిట్రిప్టిలిన్ కనుపాపను విప్పార్చి కోణాన్ని మూసేయగలవు. కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. లేజర్‌తో ఐరిస్‌కు రంధ్రం చేయించుకున్నవారికి ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఆల్ప్రజోలమ్ పొట్లాం మీదా ఇలాంటి హెచ్చరికే ఉంటుంది గానీ ఆధారం పలచన. వృద్ధుల్లో మగత, తూలిపడటమే పెద్ద ప్రమాదమన్న వాదన సబబుగా తోస్తుంది.

ఈ ప్రాంతంలో చీటీకెక్కని నిద్ర మందు మరొకటుంది. కల్లులో ఆల్ప్రజోలమ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం తెలంగాణలో పాత వ్యవహారమే. 2021 జనవరిలో వికారాబాదు, నవాబుపేట మండలాల్లో కల్లు తాగి వందకు పైగా జనం అస్వస్థులయ్యారని పత్రికలు రాశాయి. అంకెలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. ఏం తాగామో, ఎంత తాగామో తెలియదు కాబట్టి బ్రిమోనిడిన్ వాడేవారికి మోతాదు లెక్క కుదరదు. అలవాటైనవారు ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ రావచ్చు.

వ్యాధి ఎందరికుందో జిల్లా స్థాయిలో చెప్పడం కష్టం. 1996–2000 నాటి ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్‌లలో జరిగింది. వికారాబాదు, తాండూరు అప్పుడు రంగారెడ్డి జిల్లాలోవి (2016 అక్టోబరు 11న వికారాబాదు కొత్త జిల్లా అయింది), అంటే ఆ నమూనాలో లేవు. హైదరాబాదు నమూనాలో ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉన్నవారిలో పదింట తొమ్మిది మందికి పైగా ఆ సంగతే తెలియదు. అలాగే తమ సంగతి తెలియక చుక్కలు ఇంకా మొదలుపెట్టని ఇరుకు కోణం మనుషులే, ఎవిల్ విషయంలో, ఎక్కువ ఆందోళన కలిగించేది.