పుష్పకం పద్దు

రాయ్‌పూర్ నుంచి పాతిక కిలోమీటర్లు వెళ్తే చంద్‌ఖురి అనే ఊరు వస్తుంది. చెరువు నడుమ కౌసల్య గుడి. ఛత్తీస్‌గఢ్ ఒకప్పటి దక్షిణ కోసలమనీ, కౌసల్య ఇక్కడి ఆడపడుచనీ స్థానికుల నమ్మకం. ఆ లెక్కన రాముడు వీళ్ళకు మేనల్లుడు. అందుకే ఇక్కడ మేనమామలు మేనల్లుళ్ళ కాళ్ళకు దణ్ణం పెడతారు. పసివాడైనా సరే, మేనల్లుడైతే చాలు.

ఆ మేనల్లుడు చేసిన పని ఒకటి మనం పెద్దగా పట్టించుకోం. లంక నుంచి పుష్పక విమానంలో వచ్చాడు. దిగాక దాన్ని అసలు యజమాని కుబేరుడి దగ్గరికి పంపేశాడు. ఉంచుకుంటే కాదనేవాళ్ళెవరూ లేరు. యుద్ధంలో గెలిచిన సొత్తే. అయినా అవసరం తీరింది, వాహనం వెళ్ళిపోయింది.

మన కాలపు ఏలినవాళ్ళకు ఈ రెండో సగమే చేతకాలేదు. రాజులైనా, రాజుల్లా బతకడం మరిగిన నాయకులైనా, సర్కారు విమానం ఎక్కినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ ప్రయాణం ఎవరి పని మీద? ప్రతి విమానానికీ ఒక లాగ్‌బుక్ ఉంటుంది. ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది, ఎంతసేపు ఎగిరింది అన్నవి అంకెలు, వాటితో పేచీ లేదు. ఎందుకు ఎగిరిందన్న గడిలో రాసే మాటతోనే పేచీ అంతా. వందేళ్ళుగా ఆ మాట మారుతూ వచ్చింది. ఒక్కో కాలానికి ఒక్కో మాట.

కానుక

మొదట్లో విమానం రాజుల చేతి నుంచి సైన్యానికి వెళ్ళింది. మొదటి ప్రపంచయుద్ధం చివరి ఏడాది, 1918లో, బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డిహెచ్-9ఎ బాంబర్లు హైదరాబాద్ నిజాం ఇచ్చిన డబ్బుతో వచ్చాయి. దళం పేరులో ‘హైదరాబాద్’ చేరింది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ అదే పేరు. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు. తెలంగాణ రైతు కట్టిన శిస్తు ఇంగ్లండు తీరం మీద స్పిట్‌ఫైర్ల వెంట ఎగిరిందన్న మాట. ఆ రైతును ఎవరూ అడగలేదు. పద్దు రాజుదే, సంతకమూ రాజుదే. అడిగేవాడు లేనిచోట వివాదం ఎక్కడిది?

సొంత సరదాలకు రాజులు సొంత విమానాలే కొనుక్కున్నారు. జోధ్‌పూర్ మహారాజు ఉమేద్ సింగ్ తన సంస్థానంలో ఫ్లయింగ్ క్లబ్బే పెట్టాడు. బ్రిటన్‌లో 1936లో ఎనిమిదో ఎడ్వర్డ్ రాజు ప్రయాణాల కోసం వైమానిక దళంలో ‘కింగ్స్ ఫ్లైట్’ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. రాజు తిరిగే విమానానికి సైన్యపు పైలట్, ఖజానా పెట్రోలు. తర్వాతి గొడవలన్నిటికీ విత్తనం అక్కడే పడింది.

రాయ్‌పూర్‌కు ఈ రాజుల లోకం బాగా తెలుసు. 1882లో జబల్‌పూర్‌లో మొదలైన రాజకుమార్ కాలేజీ 1894లో ఇక్కడికి మారింది. చుట్టుపట్ల సంస్థానాల వారసులు చదువుకున్నది అందులోనే. బస్తర్, కాంకేర్, సుర్గుజా, రాయ్‌గఢ్ వంటి 14 సంస్థానాలు 1948 జనవరి 1న మధ్య పరగణాల్లో కలిసిపోయాయి. రాజభరణాలు 1971లో రద్దయ్యాయి. సింహాసనాలు పోయాయి గానీ, ఏలినవారు వస్తే ఊరంతా సర్దుకుని నిలబడే అలవాటు పోలేదు.

భద్రత

1952 జనవరి 26న జోధ్‌పూర్ యువ మహారాజు హన్వంత్ సింగ్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. తొలి సార్వత్రిక ఎన్నికల్లో కాంగ్రెస్‌కు ఎదురు నిలిచి, అప్పుడే ప్రచారం ముగించాడు. నడిపింది తనే, విమానమూ తనదే. అదే ఎన్నికల్లో ప్రధాని నెహ్రూ దేశమంతా తిరిగాడు. మొత్తం 25 వేల మైళ్ళు, అందులో 18 వేలు గాలిలోనే. ఆ విమానం వైమానిక దళానిది. మాజీ రాజు సొంత విమానంలో, ప్రజాప్రభువు సైన్యం విమానంలో ఓట్లడగడం ఆ ఎన్నికల విచిత్రం.

నెహ్రూకు అది ఇబ్బందిగానే అనిపించింది. పార్టీ పనికి సర్కారు విమానం ఎలా? అధికారులు కూర్చుని ఒక దారి కనిపెట్టారు. ప్రధాని భద్రత దృష్ట్యా వైమానిక దళ విమానంలోనే వెళ్ళాలి, కానీ మామూలు ప్రయాణికుడిలా టికెట్టు ధర ఖజానాకు కట్టాలి. లాగ్‌బుక్‌లోకి కొత్త మాట వచ్చింది: భద్రత. అబద్ధమేమీ కాదు. గాంధీజీ హత్య జరిగి అప్పటికి నాలుగేళ్ళే. అయితే మినహాయింపు అన్నది తలుపు సందు లాంటిది. ఒకసారి కాలు పెట్టనిస్తే తర్వాత మూయడం కష్టం.

ఆ సందులోంచి కేసు ఒకటి కోర్టుదాకా వెళ్ళింది. 1971లో రాయ్‌బరేలీలో ఓడిన రాజ్ నారాయణ్, ఇందిరాగాంధీ మీద వేసిన ఎన్నికల పిటిషన్‌లో వైమానిక దళ విమానాలు, హెలికాప్టర్లు ప్రచారానికి వాడారన్నది ఒక ఆరోపణ. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నికను కొట్టేసింది, కానీ విమానాల ఆరోపణ నిలబడలేదు. ఆమెను దెబ్బతీసింది ప్రభుత్వోద్యోగి ఒకరు చేసిన ఎన్నికల పని, సభల కోసం జిల్లా యంత్రాంగం కట్టిన వేదికలు, ఇచ్చిన కరెంటు. గాలిలో తిరిగింది తప్పు కాలేదు, దిగాక ఎక్కిన చెక్క వేదిక తప్పయింది.

ఎన్నికల నియమావళి సర్కారు విమానాలను పార్టీ పనికి వాడొద్దంటుంది. ప్రధానికి ఒక్కరికే మినహాయింపు, డబ్బు కట్టాలన్న షరతుతో. ఆ కట్టేదెంతో 2019లో సమాచార హక్కు జవాబులతో బయటపడింది. 2014 నుంచి 2019 జనవరి దాకా ప్రధాని మోదీ అనధికార ప్రయాణాలు 240. వాటికి బీజేపీ వైమానిక దళానికి చెల్లించింది 1.4 కోట్ల రూపాయలు. సగటున ప్రయాణానికి 58 వేలు. ఒడిశాలోని బలాంగీర్ నుంచి ఎగిరిన ఒక హెలికాప్టర్ ప్రయాణానికి పడిన రుసుము 744 రూపాయలు. ఏ నియమమూ తప్పలేదు. టికెట్టు లెక్కన చూస్తే సరిపోయింది. ఇంధనం, పైలట్లు, వెంట ఎగిరే మరో హెలికాప్టర్ టికెట్టు లెక్కలోకి రావు. నెహ్రూ మొహమాటంతో కట్టుకున్న చిన్న గట్టు, కాలం గడిచేకొద్దీ నీళ్ళు వదిలే తూము అయింది.

అధికారిక

మూడో మాట మరీ సులువు. పని ఏదైనా సరే, ‘అధికారిక పర్యటన’ అని రాసేస్తే అడిగేవాడి నోరు సగం మూతపడుతుంది. 1987 చివర్లో ప్రధాని రాజీవ్‌గాంధీ లక్షద్వీప్ వెళ్ళారు. బంగారం దీవిలో కుటుంబంతో, మిత్రులతో గడిపారు. ఐఎన్‌ఎస్ విరాట్ విమానవాహక నౌకను కుటుంబ విహారానికి వాడుకున్నారని 2019 మేలో ప్రధాని మోదీ ఎన్నికల సభలో ఆరోపించారు. అది అధికారిక ప్రయాణమేనని మాజీ నౌకాదళాధిపతి అడ్మిరల్ రామ్‌దాస్ ఖండించారు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా జగడం ఆ గడిలో రాసిన మాట దగ్గరే ఆగింది. పని ఎక్కడ ముగిసింది, సెలవు ఎక్కడ మొదలైందన్నది ఏ పుస్తకంలోనూ రాయరు.

రాష్ట్రాలకు ఈ మాట మరింత అక్కరకొచ్చింది. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబర్ 1న పుట్టింది. రాయ్‌పూర్ నుంచి జగ్దల్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు, ఇటు అంబికాపూర్ అంతకన్నా ఎక్కువ. దక్షిణాన మావోయిస్టుల మందుపాతరలు. ముఖ్యమంత్రికి హెలికాప్టర్ విలాసమని కొట్టిపారేయలేం.

ఆ హెలికాప్టర్ దిగే రోజున ఒక చిన్న ఊరిని చూడాలి. తెల్లవారకముందే బడి మైదానం చదును చేస్తారు. వెదురు బొంగులతో దడి కడతారు. మధ్యలో సున్నంతో పెద్ద వలయం, అందులో ఇంగ్లీషు హెచ్ అక్షరం. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్ళు చల్లుతారు. అగ్నిమాపక బండి, అంబులెన్సు వచ్చి ఓ పక్కన నిలబడతాయి. గాలివాటు తెలిసేలా మూల మీద పొగ పెడతారు. పిల్లలకు ఆ పూట చదువు ఉండదు, గోడెక్కి కూచుంటారు. రెక్కల హోరుకు సున్నం కొట్టుకుపోయి హెచ్ సగం చెరిగిపోతుంది. వచ్చినవారు ఎందుకొచ్చారో మైదానానికి తెలియదు. ఆనకట్ట శంకుస్థాపనకైనా, ఎవరింట్లో పెళ్ళికైనా సున్నం ఖర్చు ఒకటే.

రాయ్‌పూర్ సర్కారు తన హెలికాప్టర్‌కు రాష్ట్రపక్షి పేరే పెట్టుకుంది: మైనా. 2007 జనవరిలో అది పక్క రాష్ట్రం బాలాఘాట్ అడవుల్లో కూలి నలుగురు పోయారు. అదే ఏడాది అగస్టావెస్ట్‌ల్యాండ్ ఎ-109 కొన్నారు. ఒకే మోడల్ పేరుతో టెండరు పిలవడం వల్ల రాష్ట్రం నష్టపోయిందని కాగ్ తప్పుపట్టింది. దర్యాప్తు కోరుతూ స్వరాజ్ అభియాన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2018 ఫిబ్రవరిలో కోర్టు పిటిషన్‌ను కొట్టేసింది. పత్రికల్లో ఏళ్ళ తరబడి నలిగిన ఆ వ్యవహారమంతా కొనుగోలు చుట్టూనే తిరిగింది. కొన్నాక అది ఎవరిని ఎక్కించుకుని, ఏ పని మీద ఎక్కడికి వెళ్ళిందన్నది ఎవరూ అంత పట్టుదలగా అడగలేదు. గుర్రం ధర మీద కొట్లాడుకున్నాం, స్వారీ సంగతి వదిలేశాం.

అధికారిక ప్రయాణం అంటే అంతా ఆడంబరమేననీ అనలేం. 2009 సెప్టెంబర్ 2న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి బయల్దేరింది చిత్తూరు జిల్లాలో రచ్చబండకు. బెల్-430 హెలికాప్టర్ నల్లమలలో కూలింది. ముఖ్యమంత్రితో పాటు మరో నలుగురు పోయారు. జనం మధ్యకు వెళ్ళే పనికి ఎక్కిన హెలికాప్టరే ప్రాణం తీసింది. ఆ గడిలోని మాట నిజమైనప్పుడు దాని బరువు వేరు.

శిక్షణ

నాలుగో మాట బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ రెండో ఎలిజబెత్ కొడుకు ఆండ్రూకు ‘ఎయిర్ మైల్స్ ఆండీ’ అని పత్రికలు పేరు పెట్టాయి. గోల్ఫ్ ఆటలకూ, విందులకూ వైమానిక దళ విమానాలూ హెలికాప్టర్లూ వాడుతున్నాడని గోల లేచి, 2005లో జాతీయ ఆడిట్ కార్యాలయం ఆయన ప్రయాణాలను పరిశీలించింది. మూడేళ్ళకు యువరాజు విలియం వంతు. 2008 ఏప్రిల్‌లో, పైలట్‌గా శిక్షణ పొందుతూ, చినూక్ హెలికాప్టర్‌ను అప్పటి ప్రియురాలు కేట్ మిడిల్టన్ పుట్టింటి పెరట్లో దించాడు. మరో రోజు తమ్ముడు హ్యారీని లండన్‌లో ఎక్కించుకుని, మేనత్త కొడుకు పెళ్ళికి ముందు జరిగే మగవాళ్ళ విందు కోసం ఐల్ ఆఫ్ వైట్ వెళ్ళాడు. శిక్షణలో భాగమేనని రక్షణ శాఖ చెప్పింది. అదీ పూర్తి అబద్ధం కాదు. కొత్త పైలట్ ఎక్కడో ఒకచోట ఎగరాలి, ఎక్కడో ఒకచోట దిగాలి. ఆ ఎక్కడో ఒకచోటు కాబోయే అత్తవారిల్లు కావడమే జనాన్ని మండించింది. సరిగ్గా అప్పుడే అఫ్గానిస్తాన్‌లో గాయపడిన సైనికులను మోయడానికి చినూక్‌లు చాలడం లేదు.

బస్తర్ సంగతి తెలిసినవాళ్ళకు ఆ కోపం వివరించనక్కర్లేదు. 2008 నవంబర్‌లో బీజాపూర్ జిల్లాలో ఎన్నికల సిబ్బందిని ఎక్కించుకున్న వైమానిక దళ హెలికాప్టర్ మీద మావోయిస్టులు కాల్పులు జరిపారు. ఫ్లైట్ ఇంజినీర్ చనిపోయాడు. 2013 జనవరిలో సుక్మా అడవిలో తూటాలు తగిలి మరో హెలికాప్టర్ దిగిపోయింది. సిబ్బంది కాలినడకన క్యాంపుకు చేరారు. గాయపడిన పోలీసు వైర్‌లెస్ ఆపరేటర్ లోపలే ఉండిపోయాడు, తర్వాత అతన్ని తీసుకొచ్చారు. ఎక్కించుకున్నవాణ్ని ఎలా వదిలి వస్తారన్న ప్రశ్న దేశమంతా వినిపించింది. ఒకచోట ఎక్కకూడని పనికి ఎక్కినవాడి మీద గొడవ, ఇక్కడ ఎక్కవలసినవాడు ఒంటరిగా మిగిలినందుకు గొడవ. సైన్యపు విమానం ఎవరిదన్న ప్రశ్నకు ఇవి రెండూ రెండు కొసలు.

2022 మే 5న ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఒక మాటిచ్చారు: పది, పన్నెండు తరగతుల్లో మొదటి స్థానాలు తెచ్చుకున్న పిల్లలను హెలికాప్టర్ ఎక్కిస్తామని. వారం తిరిగింది. మే 12 రాత్రి రాయ్‌పూర్ విమానాశ్రయంలో రాష్ట్ర హెలికాప్టర్ కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ముఖ్యమంత్రి అందులో లేరు, ప్రయాణికులెవరూ లేరు. అది శిక్షణ కోసం ఎగిరింది. చినూక్ లాగ్‌బుక్‌లో విందును కప్పిన మాట, రాయ్‌పూర్‌లో ఉన్నదున్నట్టు నిజమైంది. ఇద్దరు మనుషుల ప్రాణాలు దాని ఖరీదు.

మాట మాత్రం తప్పలేదు. అక్టోబర్ 8న రాయ్‌పూర్ పోలీస్ మైదానంలో సుమారు 125 మంది పిల్లలు విడతలు విడతలుగా హెలికాప్టర్ ఎక్కి, ఊరి మీద కాసేపు తిరిగి దిగారు. కొందరు ఎక్కేముందు గడపకు మొక్కినట్టు మొక్కే ఉంటారు. పని మీద కాదు, భద్రతకూ కాదు, శిక్షణకూ కాదు. అచ్చంగా సరదా. ఈ వందేళ్ళలో సరదాను సరదాగానే పద్దు రాసిన ప్రయాణం ఇదేనేమో. ఏలినవారు దాచి చేసే పనిని పిల్లలు పట్టపగలు, పేర్లు పిలిపించుకుని మరీ చేశారు. తిరిగినంతసేపు తిరిగి, దిగి, ఇళ్ళకు వెళ్ళిపోయారు. పుష్పకం దాని చోటుకు అది వెళ్ళింది.