శంషాబాద్‌ - డాలస్‌: దూరమెంత.. సమయమెంత?

అమెరికాలోని డాలస్‌ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారి తల్లిదండ్రులు జిల్లాల్లోని అనేక గ్రామాల్లో నివసిస్తున్నారు. ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడు బంధువులు మొదట అడిగే ప్రశ్న ‘అబ్బాయి ఎప్పటికి చేరుకుంటాడు?’ అన్నదే. ఈ లెక్క తప్పితే కడచూపు దక్కదు. అంత్యక్రియల వేళను నిర్ణయించే ముందు దూరాన్ని, ప్రయాణ సమయాన్ని, రెండు దేశాల గడియారాల తేడాను కలిపి చూడవలసి ఉంటుంది.

దూరం

శంషాబాద్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి డాలస్‌-ఫోర్ట్‌వర్త్‌ విమానాశ్రయానికి గగనతల దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. హైదరాబాద్‌ 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి, డాలస్‌ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశానికి సమీపంలో ఉన్నాయి. అంటే భూగోళంపై ఇవి దాదాపు ఎదురెదురు దిక్కులు. అందువల్ల వీటిని కలిపే అతి దగ్గరి మార్గం ఉత్తర ధ్రువం సమీపం నుంచి సాగుతుంది. అయితే ఈ రెండింటి మధ్య నేరుగా విమానం లేదు. దుబాయ్‌ మీదుగా వెళితే మొదటి అంచె 2,550, రెండో అంచె 12,900 కిలోమీటర్లు. మొత్తం సుమారు 15,450 కిలోమీటర్లు అవుతుంది. దోహా, లండన్‌, ఫ్రాంక్‌ఫర్ట్‌ల మీదుగా కూడా వెళ్లవచ్చు.

ప్రయాణ సమయం

శంషాబాద్‌ నుంచి దుబాయ్‌కి సుమారు 4 గంటలు, అక్కడి నుంచి డాలస్‌కు 16 గంటలు పడుతుంది. విమానం మారేందుకు మూడు, నాలుగు గంటలు వేచి ఉండాలి. వెరసి దాదాపు ఒక రోజు. తిరుగు ప్రయాణంలో పడమటి నుంచి తూర్పునకు వీచే ఎగువ గాలులు తోడ్పడటంతో గంట నుంచి రెండు గంటలు ఆదా అవుతుంది.

గడియారంలో తేడా

శీతకాలంలో డాలస్‌ మన కంటే 11.30 గంటలు వెనుక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. ఆ రోజుల్లో తేడా 10.30 గంటలే.

లెక్క ఇలా

ఉదాహరణకు శీతకాలంలో ఆదివారం రాత్రి 10 గంటలకు ఇక్కడి నుంచి కబురు వెళ్లిందనుకుందాం. అప్పుడు డాలస్‌లో ఆదివారం ఉదయం 10.30 గంటలు. టికెట్‌ దొరికి సాయంత్రం 6 గంటలకు విమానం ఎక్కితే, మన గడియారంలో సోమవారం ఉదయం 5.30 అవుతుంది. 22 నుంచి 24 గంటల ప్రయాణం తర్వాత మంగళవారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగుతారు. ఇమిగ్రేషన్‌ తనిఖీ, సామాను, రోడ్డు ప్రయాణం కలిపితే స్వగ్రామానికి చేరేసరికి ఉదయం పది దాటవచ్చు. కనుక సోమవారం సాయంత్రానికి వస్తారని ఆశించడం సరికాదు. మంగళవారం మధ్యాహ్నం తర్వాత అంత్యక్రియలు పెట్టుకుని, అంతవరకు ఫ్రీజర్‌ బాక్సు సిద్ధం చేసుకోవడం మేలు.

ముందే చూసుకోవాల్సినవి

అమెరికా పౌరసత్వం పొందినవారికి భారత వీసా గానీ, ఓసీఐ కార్డు గానీ తప్పనిసరి. వీసాపై పనిచేస్తున్నవారు పాస్‌పోర్టులోని వీసా ముద్రకు గడువు తీరితే, తిరిగి వెళ్లేందుకు సాధారణంగా అమెరికా కాన్సులేట్‌లో కొత్త ముద్ర వేయించుకోవాలి. ఇంట్లో వృద్ధులున్నవారు ఈ పత్రాలను ముందుగానే సరిచూసుకుంటే ఆపద వేళ విలువైన గంటలు వృథా కావు.