క్రిమి పగవాడా, తోడా?

పాలలో వేసే చెంచాడు పెరుగును మనవాళ్లు ‘తోడు’ అన్నారు. అందులో ఉన్నది బాక్టీరియా అని తెలియకముందే ఆ పేరు పెట్టారు. చౌటుప్పల్‌లో మా అమ్మ రాత్రి మిగిలిన జొన్న గట్కలో చల్ల పోసి పొద్దున సద్ది పెట్టేది. బడిలో మాత్రం క్రిములంటే రోగాలని నేర్పారు. రెండూ నమ్ముతూనే డెబ్బై దాటాను.

శాస్త్రజ్ఞులదీ దాదాపు ఇదే పరిస్థితి. 1683లో డచ్ దేశస్థుడు లీవెన్‌హుక్ తన పంటి పాచిలో కదిలే జీవులను చూశాడు. పాశ్చర్, కోఖ్‌ల పరిశోధనలతో క్రిమి శత్రువన్న భావం స్థిరపడింది. అయితే క్రిములు లేకుండా జంతువు బతకలేదని 1885లో అభిప్రాయపడినవాడూ పాశ్చరే. అంతకు ముందే, 1879లో, జర్మనీలో డి బారీ ‘సహజీవనం’ అన్న భావనను ప్రచారంలోకి తెచ్చాడు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చూడండి. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులు సంగ్రహణితో, అంటే ట్రాపికల్ స్ప్రూతో, కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకూ అదే జబ్బు వచ్చి తగ్గింది. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందు. దాన్ని పట్టుకున్న తీరే విశేషం. లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా ఏ పదార్థం లేకపోతే పెరగదో వెతుక్కుంటూ పోయారు. ఆ క్రిమికి కావలసినదే మన రక్తానికీ కావలసి వచ్చింది! 1948లో అదే ప్రయోగశాల నుంచి డగ్గర్ ఆరియోమైసిన్‌ను ప్రకటించారు. మట్టిలోని ఒక సూక్ష్మజీవి తయారుచేసే ఆ మందు ఇతర క్రిములను అణచివేస్తుంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. తదుపరి కాలంలో స్ప్రూకు ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడం వాడుకయింది. ఒకటి క్రిమికీ ఆహారమే, రెండోది క్రిమిని ఆపేది.

మన ఒంట్లో బాక్టీరియా మన కణాలకు పదింతలని చాలాకాలం చెప్పారు. 2016లో లెక్క సరిచేశారు: అవి సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు 30 లక్షల కోట్లు. లెక్క దిద్దినందుకు గుమాస్తాగా నాకు సంతోషం.

మూడేళ్ల కింద జలుబు చేస్తే నేనే మందుల షాపులో అడిగి యాంటిబయాటిక్ కొని మింగాను. జలుబు వైరస్ వల్ల వచ్చేది, దానికి ఆ మందు పనిచేయదు. నాలుగో రోజు నుంచి విరేచనాలు, వారం మంచం. “పేగుల్లో ఉన్న మీవాళ్లను మీరే చంపుకున్నారు సార్” అన్నారు డాక్టరు గారు. ఇప్పుడు చీటీ లేకుండా ఆ మాత్రలు మా గడప తొక్కవు. సద్ది కూడా మళ్లీ మొదలుపెట్టాం. మా కోడలు దాన్ని ఫ్రిజ్‌లో పెడుతుంది. అందులో పులుస్తుందా లేదా అన్నది మామా కోడళ్ల మధ్య ఇంకా తేలలేదు.