రంగు లేని తళుకు

గ్రీటింగ్ కార్డుల మీదా పండగ అలంకరణల్లోనూ వాడే ఒక రకం మెరుపు పోగులున్నాయి. వెంట్రుకలంత సన్నం. చిన్న పొట్లంలో దూదిపింజలా చిక్కుపడి వస్తాయి. ఇస్త్రీపెట్టె వేడి తగిలిందంటే ఒకదానికొకటి అంటుకుని పల్చని రేకు అవుతాయి. ఏంజెలీనా అనే పేరుతో అమెరికాలో తయారవుతాయి. వాటిలో ఇంద్రధనుస్సు రకం ఒకటుంది. ఎదురుగా చూస్తే ఆకుపచ్చ, కాస్త వంచితే నీలం, ఇంకా వంచితే ఊదా. దాని సంగతి తెలుసుకుంటుంటే ఒకచోట ఆగిపోయాను. అందులో రంగే లేదు! అద్దకం లేదు, పూత లేదు. రెండు రకాల పారదర్శకమైన ప్లాస్టిక్కుల్ని మార్చి మార్చి, నూరుకు పైగా పొరలుగా పేర్చి తీసిన పల్చటి ఫిల్ము అది. ఒక్కో పొర మందం కాంతి తరంగం పొడవుకన్నా తక్కువ. పొరపొరకీ వెలుగు కొంచెం కొంచెం వెనక్కి తిరిగి, ఆ తిరిగినవన్నీ కలిసి కొన్ని రంగుల్ని పెంచుతాయి, కొన్నిటిని చంపేస్తాయి. మనకి కనిపించేది ఆ మిగిలిన రంగు. సబ్బుబుడగ మీదా, వానాకాలం రోడ్డు మీద ఒలికిన పెట్రోలు మీదా కనిపించేది కూడా ఇదే.

ఇంత సంబరం కలిగించిన విషయాన్ని అక్కడితో వదిలెయ్యబుద్ధి కాలేదు. రంగు లేని తళుకుని కాగితానికీ గుడ్డకీ అతికించే సరదా మనుషులకి ఎప్పటినుంచి ఉంది?

కార్డుల వైపు నుంచి వెదికితే దారి లండన్‌కి పోతుంది. 1843లో హెన్రీ కోల్ అనే అధికారి, క్రిస్మస్‌కి అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ హార్స్లీ అనే చిత్రకారుడితో ఒక కార్డు గీయించాడు. అచ్చు వేశాక రంగులు మాత్రం చేత్తోనే దిద్దారు. ఒక్కోటి షిల్లింగు, అంటే సామాన్యుడు కొనలేని ధర. బొమ్మలో ఒక చిన్నపిల్ల చేత ద్రాక్షసారాయి తాగిస్తున్నారని మద్యపాన వ్యతిరేకులు మండిపడ్డారు. తర్వాతి దశాబ్దాల్లో కార్డులు చవకయ్యాయి, వాటి మీదికి మెరుపూ వచ్చింది. మంచు కురిసినట్టు కనిపించడానికి గాజుని పొడిచేసి జిగురు మీద చల్లేవాళ్లు.

అంతకు ముందే ఇళ్లలో ఇంకో సరదా ఉండేది. నాటకాల్లో పేరున్న నటుల బొమ్మలు అచ్చేసి అమ్మేవాళ్లు. నలుపు తెలుపుది ఒక పెన్నీ, రంగులు వేసింది రెండు పెన్నీలు. కొన్నవాళ్లు దాన్ని ఇంటికి తెచ్చి కవచానికీ, కత్తికీ, కిరీటానికీ తళుకు రేకులు అతికించేవాళ్లు. ఆ రేకుల్ని అచ్చుల్లో కొట్టి, చుక్కలుగా, నక్షత్రాలుగా, శిరస్త్రాణాలుగా విడిగా అమ్మే దుకాణాలుండేవి. సాయంత్రం దీపం దగ్గర కూర్చుని ఒక కాగితం మీద గంటలు గంటలు పనిచెయ్యడం వాళ్లకి వినోదం. ఇవాళ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టుకుని కార్డు చేసుకునేవాళ్లకి అసలైన పూర్వీకులు వీళ్లే అని నా అభిప్రాయం. కోల్ దొర కార్డు కొనుక్కునే వస్తువు. వీళ్లది చేసుకునే వస్తువు.

కోల్‌ని ఇంకో కారణానికి తలుచుకోవాలి. సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి మొదటి డైరెక్టరు ఆయనే. దాని ఇప్పటి పేరు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. అక్కడ మన దేశం నుంచి వెళ్లిన పల్చటి మస్లిన్ గుడ్డలున్నాయి. వాటి మీద బంగారు తీగ మధ్య పచ్చగా నిగనిగలాడేవి రాళ్లు కావు, పురుగు రెక్కలు.

ఇక్కడికొచ్చాక నాకు ముందుకి కదలాలనిపించదు.

ఆ పురుగు మనకి తెలిసిందే. తొలకరి పడ్డాక తుమ్మచెట్ల మీద కనబడే జీరంగి. కొన్నిచోట్ల బంగారు పురుగు అంటారు. పల్లెల్లో పెరిగినవాళ్లు దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు వేసి, గుడ్లు పెడుతుందేమోనని పొద్దున్నే తెరిచి చూసినవాళ్లే. దానికి ఎగిరే రెక్కలు లోపలుంటాయి. పైన డిప్పల్లా గట్టి రెక్కలు రెండుంటాయి. మెరిసేవి అవి. ఆ మెరుపుకి కారణం కూడా ఆకుపచ్చ రంగు పదార్థమేదో కాదు. డిప్ప పైభాగంలో ఒకదానిమీదొకటి పేర్చుకున్న అతి పల్చని పొరలు. అంటే, నూరుపొరల ప్లాస్టిక్ ఫిల్ము చేసే పని తుమ్మచెట్టు మీది పురుగు ఎప్పట్నించో చేస్తోంది. రంగు పదార్థమైతే ఎండకి వెలుస్తుంది. ఇది నిర్మాణం కాబట్టి, ఆ పొరలు చెదరనంత కాలం మెరుస్తూనే ఉంటుంది. పురుగు చచ్చి నూరేళ్లయినా సరే.

మొగలుల కాలంలోనే ఆస్థానాల దుస్తుల మీద ఈ రెక్కలు కుట్టారు. 19వ శతాబ్దంలో మద్రాసు, హైదరాబాదు పేర్లతో రెక్కల కుట్టు ఉన్న మస్లిన్లు ఇంగ్లండుకి వెళ్లాయి. పనితనం ఎంతటిదో ఊహించండి. రెక్క పెళుసు. సూది తప్పు చోట దిగితే పగిలిపోతుంది. అంచు కత్తిరించి, రంధ్రం చేసి, కింద ఉన్న సాలెగూడులాంటి గుడ్డ చిరక్కుండా, చుట్టూ జరీ తీగ తిప్పి బిగించాలి. ఆకులుగా, పూరేకులుగా అమర్చాలి. లండన్‌లో విందుకి ఆ గౌను వేసుకున్నామె కొవ్వొత్తుల వెలుగులో నడిస్తే ఎలా ఉండేదో! కుట్టినవాళ్ల పేరు మాత్రం ఒక్క గుడ్డ మీదా ఉండదు.

కుట్టించుకున్నవాళ్ల పేర్లు బాగానే మిగిలాయి. 1903 ఢిల్లీ దర్బారుకి వైస్రాయి భార్య లేడీ కర్జన్ వేసుకున్న నెమలి గౌను చూడండి. ఢిల్లీ పనివాళ్లు వెండి బంగారు తీగలతో ఈకలు కుట్టి ఒక్కో కంటి నడుమ ఒక్కో పురుగు రెక్క పెట్టారు. పారిస్‌లో వర్త్ అనే దర్జీ సంస్థ దాన్ని గౌనుగా కూర్చింది. చూసినవాళ్లు పచ్చలు పొదిగారనుకున్నారు. ఇప్పుడది ఇంగ్లండులో కెడిల్‌స్టన్ హాల్‌లో ఉంది.

నాకు అంతకన్నా ఇష్టమైనది నటి ఎలెన్ టెరీ గౌను. 1888 డిసెంబరులో లండన్ లైసియం థియేటర్లో మాక్‌బెత్ నాటకం. హెన్రీ అర్వింగ్ మాక్‌బెత్, టెరీ లేడీ మాక్‌బెత్. ఆ పాత్ర ఇనప గొలుసుల కవచం వేసుకున్నట్టూ ఉండాలి, పాములానూ ఉండాలి. ఆలిస్ కామిన్స్ కార్ రూపకల్పన చేస్తే ఏడా నెటిల్‌షిప్ కుట్టింది. ఆకుపచ్చ పట్టునీ నీలం తళుకు తీగనీ కలిపి చేత్తో అల్లి, దాని మీద వెయ్యి పురుగు రెక్కలు కుట్టారు. మరుసటేడు సార్జెంట్ అనే చిత్రకారుడు ఆ వేషంలోనే ఆమె నిలువెత్తు చిత్రం వేశాడు. అది టేట్ గ్యాలరీలో ఉంది. గౌను కెంట్‌లోని స్మాల్‌హైత్‌లో టెరీ ఇంట్లోనే ఉంది.

నూరేళ్లు దాటేసరికి అల్లిక సాగిపోయింది, రెక్కలు కొన్ని రాలాయి, కొన్ని విరిగాయి. బాగుచెయ్యడానికి బ్రైటన్‌లో నిపుణులు 1,300 గంటలు పనిచేశారు. ఏళ్ల తరబడి రాలిన రెక్కల్ని ఎవరో పారెయ్యకుండా ఏరి దాచి ఉంచారు. వాటిని తిరిగి కుట్టారు. విరిగిన రెక్క వెనక జపాన్ పల్చటి కాగితం పెట్టి, గోధుమ పిండి జిగురుతో అతికించారు. 2011లో గౌను మళ్లీ ఇంటికొచ్చింది. మిగిలిన రెక్కల పచ్చ మెరుపు ఇప్పటికీ ఉంది!

ఈ మెరుపు రహస్యం వెనక శాస్త్రం కథ కూడా పొడుగే గానీ రెండు మెట్లెక్కి దిగుతాను. 1665లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ అభ్రకాన్ని పొరలు పొరలుగా ఒలిచి, పల్చటి రేకుల్లో ఇంద్రధనుస్సు రంగులు చూశాడు. నెమలీకనీ చూసి, దాని రంగులకి కారణం దాని నిర్మాణమేనన్నాడు. అభ్రకం అంటే మనకి ఉమ్మడి నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం గనులు గుర్తుకొస్తాయి. ఈ రోజు కాటుక పక్కన పెట్టుకునే కనురెప్పల రంగులో మెరుపు కూడా చాలావరకు అభ్రకం పొడికి పూత వేసి తీసిందే. రెండో మెట్టు సర్ సి.వి.రామన్. విశాఖపట్నంలో చదువుకున్న ఈయన 1930లలో బెంగుళూరులో కూర్చుని ముత్యపు చిప్పల మెరుపు మీద పరిశోధన పత్రాలు రాశాడు. ఆయన సేకరించిన గవ్వలు, సీతాకోకచిలుకలు, పురుగులు, స్ఫటికాలు ఇవాళ్టికీ రామన్ పరిశోధన సంస్థ మ్యూజియంలో ఉన్నాయి. నోబెల్ బహుమతి వచ్చాక కూడా పురుగు రెక్క చూసి ముచ్చటపడే మనిషిని తలుచుకుంటే నాకు మహా ఇష్టం.

ఇక ప్లాస్టిక్ యుగం. 1934లో న్యూజెర్సీ రాష్ట్రం బెర్నార్డ్స్‌విల్‌లో హెన్రీ రష్‌మన్ అనే యంత్రాల పనివాడు, వృథాగా పోయే ముక్కల్ని అతి సన్నగా తరిగే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు మనం గ్లిట్టర్ అంటున్న తళుకుపొడి పరిశ్రమ అక్కడ మొదలైంది. ఆయన పెట్టిన మెడోబ్రూక్ ఇన్వెన్షన్స్ కంపెనీదే ఏంజెలీనా పోగు కూడా. 1946లో క్లీవ్‌లాండ్‌లో లూరెక్స్ వచ్చింది. రెండు ప్లాస్టిక్ ఫిల్ముల నడుమ అల్యూమినియం రేకు పెట్టి దారంగా చీల్చారు. వెండి తీగకి బంగారు పూత వేసి పట్టుదారానికి చుట్టే జరీకి అది చవక పోటీదారు. మన నేతలో వెండి జరీ స్థానంలోకి ప్లాస్టిక్ జరీ ఎంత దూరం చొచ్చుకొచ్చిందో, చీర కొన్న పదేళ్లకి దాన్ని కరిగించి వెండి తీయించుకుందామని వెళ్లినవాళ్లకి తెలుస్తుంది.

నూరుపొరల ఫిల్ముది మాత్రం వేరే వంశం. డౌ కెమికల్ శాస్త్రజ్ఞులు దాన్ని కనిపెడితే, తర్వాత మెర్ల్ అనే కంపెనీ న్యూయార్క్ రాష్ట్రం పీక్‌స్కిల్‌లో తయారుచేసింది. మెర్ల్ అంతకు ముందు చేసిన వ్యాపారమేమిటంటే, చేప పొలుసులు! అమెరికాలోని మెయిన్ రాష్ట్రం తీరంలో హెర్రింగు చేపల పొలుసుల నుంచి మెరిసే గుజ్జు తీసేది. దొంగ ముత్యాలకి అలాంటి గుజ్జు పూసే విద్య 17వ శతాబ్దపు పారిస్‌లో ఒక జపమాలల వర్తకుడితో మొదలైందంటారు. పొలుసులోని మెరుపూ పల్చటి స్ఫటికపు పలకలదే. పురుగు, చేప, ప్లాస్టిక్ మూడింటిదీ ఒకే కిటుకు.

ఈ కిటుకు తెలిసినవాళ్లకి కార్డు పని బాగా కుదురుతుంది. ఏంజెలీనా పోగుల్ని విడదీసి పల్చగా పరిచి, పైనా కిందా వంటకి వాడే బేకింగ్ పేపరు వేసి, ఇస్త్రీపెట్టెని పట్టు వేడిలో ఉంచి రెండు మూడు సెకన్లు అద్దితే చాలు. వేడి ఎక్కువైతే పొరలు పాడై మెరుపు చచ్చి, మొద్దు రేకు మిగులుతుంది. పోగులు వాటిలో అవే అంటుకుంటాయి గానీ కాగితానికి అంటుకోవు. కాబట్టి మధ్యలో ఎండిన పూరేకు, దారం ముక్క, సన్న ఆకు ఇరికించుకోవచ్చు. రబ్బరు ముద్ర మీద పోగులు పరిచి ఇస్త్రీ చేస్తే ముద్రలోని గీతలు రేకులో ఉబ్బెత్తుగా వస్తాయి. ఆ రేకుని ముగ్గు ఆకారంలో కత్తిరించి సంక్రాంతి కార్డు చెయ్యండి, బొమ్మల కొలువులో దేవుడి వెనక ప్రభ చెయ్యండి. కింద వేసే కాగితం నల్లగా గానీ ముదురు నీలంగా గానీ ఉండాలి. తెల్ల కాగితం మీద, రేకు దాటిపోయిన వెలుగు కూడా తిరిగొచ్చి కలిసి, పచ్చ కాస్తా వెలవెలబోతుంది. జీరంగి రెక్కకి లోపలి వైపు ముదురుగా ఉండటం ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఈ పోగుల్ని నేను మెచ్చుకుంటున్నాను గానీ పోయినదాని మీద బెంగ తీరదు. పొట్లం కొన్న ఎవరైనా అరగంటలో ఆ మెరుపు సాధించగలరు, అది మంచిదే. కానీ మద్రాసు మస్లిన్ మీద రెక్కకి రంధ్రం చెయ్యగలిగిన చేతుల వరస దాదాపు తెగిపోయింది. ఎగుమతి ఆగింది, ఫ్యాషన్ మారింది, నేర్పేవాళ్లు నేర్చుకునేవాళ్లు కరువయ్యారు. పైగా పురుగు రెక్క మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్ తళుకు కలవదు. విడిగా చల్లే ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి నిషేధించింది. ఇది సరైన పని. పోగులు వాడేవాళ్లు కత్తిరింపులు ఊడ్చి కాలవలో పొయ్యకూడదు. డబ్బాలో వేసి ఉంచితే, మళ్లీ ఇస్త్రీ కింద పెట్టి వచ్చే కార్డుకి రేకు చేసుకోవచ్చు.

ఇంకో మాట. హైదరాబాదు, చెన్నపట్నం పాత ఇళ్లలో తాతమ్మల పెట్టె అడుగున పచ్చ డిప్పలు కుట్టిన జాకెట్టో, చేతిరుమాలో, విసనకర్రో ఉండవచ్చు. పురుగు పట్టిన పాత గుడ్డ అనుకుని పారెయ్యకండి, ఉతక్కండి. మడత పెట్టకుండా తెల్ల నూలుగుడ్డలో చుట్టి, దగ్గర్లోని మ్యూజియంవాళ్లకి ఒకసారి చూపించండి. రాలిన రెక్కలుంటే వాటినీ ఏరి, చీటీ రాసి, పక్కనే పెట్టండి.