తాత కొట్టని దుప్పి

మా ఊరింటి నడవలో, రాగుల గాదె పైన, గోడకు రెండు దుప్పి కొమ్ములు ఉండేవి. వాటి కింద ఒక మేకు, మేకుకు తాత తుపాకి. తుపాకి పోయి చాలా ఏండ్లయింది. కొమ్ములను మా నాయన అటవీ శాఖకు అప్పగించేశాడు. ఇప్పుడు మిగిలింది ఒక నలుపు తెలుపు ఫోటో. పోయిన సంక్రాంతికి ఇంటి ఫోటోలన్నీ ఒకచోట చేర్చి వివరాలు రాసుకుంటుంటే, మా చిన్నాయన కొడుకు ఆ ఫోటో కింద "తాత కొట్టిన దుప్పి కొమ్ములు" అని రాశాడు.

అవ్వ ఉండుంటే ఒప్పుకునేది కాదు. తాత ఆ దుప్పిని కొట్టలేదు. ఏ దుప్పినీ కొట్టలేదు. అయిదారు బారల దూరంలో వచ్చి నిలబడినా కొట్టలేకపోయాడు. ఆ కథ మా ఇంట్లో కొన్నాళ్ళు సిగ్గుగా, కొన్నాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. రెండూ సరి కాదని నాకనిపిస్తుంది. అందుకే అవ్వ చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాసిపెడుతున్నా.

మాది హోసూరు పక్క. డెంకణికోట దాటి జవళగిరి వైపు పోయే దారిలో అడవి అంచు పల్లె. 1799లో టిప్పు సుల్తాను పడిపోయాక ఈ తాలూకా కుంపిణీ చేతికి వచ్చి సేలం జిల్లాలో కలిసింది. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. జిల్లా పేరు మారినా ఇంట్లో మాట తెలుగే. సంతలో కన్నడం, కచ్చేరిలో తమిళం. మేము కణుజు అనే జంతువును కన్నడం వాళ్ళు కడవె అంటారు, తమిళం వాళ్ళు కడమాన్ అంటారు. పొలంలో పడితే మూడు భాషల్లోనూ తిట్లు ఒకటే.

అవ్వకు ఏండ్ల లెక్క ఇంగ్లీషు అంకెల్లో ఉండేది కాదు. "ఆంధ్ర యిడిపోయిన ఏటి సంకురాత్రికి" అనేది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. అంటే ఈ సంగతి జరిగింది 1954 జనవరిలో, కనుమ నాడు. మనవాళ్ళకొక రాష్ట్రం వచ్చిందని, అందులో మనం లేమని ఊళ్ళో రచ్చకట్ట మీద మాట్లాడుకుంటున్న రోజులవి.

కనుమ నాడు దేవుడు పారువేటకు పోతాడు. తిరుమలలో, అహోబిలంలో ఈ ఉత్సవం పెద్దది. మా ఊరి గుడిలో చిన్నది. దేవుడి పల్లకి ఊరి పొలిమేర దాకా పోయి వచ్చేది. దేవుడు బయలుదేరితే మగవాళ్ళూ బయలుదేరేవాళ్ళు. అడవి బాగా తెలిసిన ఇరుళ్ళు, డప్పులు కొట్టేవాళ్ళు ఒక పక్క నుంచి తోలుకొస్తే, తుపాకులున్న నలుగురైదుగురు రెండో పక్క కాపు కాసేవాళ్ళు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద గీసిన రిజర్వు గీత మా ఊరి వెనక కొండ మీదుగా పోతుంది. వేట ఆ గీతకు ఇవతల పొదల్లోనే అనేది మాట. దుప్పి గీత చూసి నడవదు, ఆ పొద్దు మనుషులూ చూసేవాళ్ళు కాదు.

వేట మాంసానికి కట్టుబాటు ఉండేది. కొట్టినవానికి ఒక తొడ. తోలినవాళ్ళలో ఇంటికొక పాలు. కుక్కలకు కూడా పాలు. అంటే తుపాకి పట్టినవాడి చేయి మీద ముప్పై ఇండ్ల కూర ఆధారపడి ఉండేది. ఇది గుర్తు పెట్టుకుంటే తర్వాతి సంగతి అర్థమవుతుంది.

ఇక తుపాకి. తాతది మూతిలోంచి దట్టించే ఒంటి గొట్టం తుపాకి. ముందు మందు పోయాలి. పైన కొబ్బరి పీచు కుక్కి ఇనప కడ్డీతో దట్టించాలి. తర్వాత సీసపు గుండ్లు వేసి మళ్ళీ పీచు, మళ్ళీ దట్టింపు. వెనక కొనకు కేపు తొడగాలి. దాన్ని కొట్టే ముక్కను మా పక్క గుర్రం అంటారు. గుర్రం పైకెత్తి మీట నొక్కితే అది కేపు మీద పడి నిప్పు రాజేస్తుంది. ఒక్కటే దెబ్బ. రెండోది కావాలంటే మొదటి నుంచీ ఇదంతా చేయాలి, అంతలో దుప్పి కొండ దాటిపోతుంది.

ఇట్లాంటి తుపాకితో ఇరవై బారల అవతల ఉన్నదాన్ని కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. అందుకే రైతు జంతువును దగ్గరికి రానివ్వాలి. బెంగళూరులో ఉండిన కెన్నెత్ ఆండర్సన్ మొదటి వేట పుస్తకం అచ్చయింది కూడా ఆ 1954లోనే. అందులో మొదటి కథ మా జవళగిరి పులిదే. ఆయన చేతిలో ఉండింది రైఫిలు. ఆయన పుస్తకాల్లో మా రైతుల నాటు తుపాకి కనిపిస్తే ఎక్కువగా దొంగవేటగాని చేతిలోనే కనిపిస్తుంది. కానీ ఆ నాటు తుపాకి పట్టినవాడు జంతువు ఊపిరి కనిపించేంత దగ్గర నిలబడాల్సి వచ్చేది. ఆ దగ్గరతనమే తాతను పట్టేసింది.

ఆ పొద్దు తాత ఒక చింతచెట్టు మొదట్లో నిలబడినాడు. పక్కన పొదలో అవ్వ తమ్ముడు, అంటే తాతకు బావమరిది. డప్పులు దగ్గరయ్యాయి. ముందు నెమళ్ళు లేచాయి. తర్వాత చప్పుడు లేకుండా ఒక మగ దుప్పి పొద చీల్చుకొని వచ్చి తాత ముందు ఆగింది. నిండు కొమ్ములు. తాతను చూసింది. ముందు కాలు ఎత్తి నేల మీద ఒకసారి తట్టింది. ప్రమాదం ఉందని అనుమానం వస్తే దుప్పి చేసే పని అది. తర్వాత కదలకుండా నిలబడిపోయింది.

తుపాకి భుజాన్నే ఉంది, గుర్రం ఎత్తే ఉంది, వేలు మీట మీదే ఉంది. "బావా, కొట్టు" అని బావమరిది గుసగుసగా అన్నాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారి అరిచేశాడు. ఆ అరుపుకు దుప్పి ఎగిరి పోయింది. తాత మాత్రం తుపాకి అట్లే పట్టుకొని నిలబడి ఉన్నాడంట. భుజం పట్టి కుదిపితే గానీ దించలేదంట.

ఆ పొద్దు ఇంకేమీ పడలేదు. ముప్పై మంది ఉత్త చేతులతో ఇంటికి వచ్చారు.

రాత్రి అవ్వ అడిగిందంట, ఏమాయె అని. తాత చెప్పింది ఇంతే: "నాకు తెల్దు. డప్పులు యినపడలే. వాడు అరిసింది యినపడలే. దాని కన్నొగిటే కనపడె. ఏలు నాది కాదనిపిచ్చె." ఆ తర్వాత అవ్వ ఎన్నిసార్లు అడిగినా ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

ఊరు మాత్రం చాలా చెప్పింది. ఎవరో తుపాకికి కట్టు కట్టారని కొందరు. దేవుడి పల్లకికి ముందే బయలుదేరాడని కొందరు. మగతనం లేదని కొందరు నవ్వారు. బావమరిది పెండ్లిండ్లలో ఆ కథను చేయి చాపి, నోరు తెరిచి, బొమ్మలాగ నిలబడి ఆడి చూపించేవాడు. గుడి దగ్గర భారతం చెప్పే పెద్దాయన ఒక్కడే, "అర్జునుని చేతిలో నుంచే గాండీవం జారె, ఈడెంత" అన్నాడంట. అర్జునుడికి నోరెండింది, ఒళ్ళు వణికింది. తాత చెప్పిన గుర్తులు వాటికి దగ్గరగానే ఉన్నాయి.

అవ్వ మరిచిపోని సంగతి వేరే ఉంది. మూడో నాడు తాత గాదె తెరిచి, తోలడానికి వచ్చిన ఒక్కో ఇంటికి రెండేసి బళ్ళల రాగులు కొలిచి ఇచ్చాడు. "నా చేతి తప్పుకు మీరు పస్తు ఎందుకు" అన్నాడు. ఆ ఏడు వానలు తక్కువ. ఆడి మాసానికి గాదె అడుగు కనపడిందని అవ్వ ముసలితనంలో కూడా సణిగేది.

మా తరానికి వచ్చేసరికి కథ తిరగబడింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో అవీ పోయాయి. మా పక్క అడవులు 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం అయ్యాయి. వేట తప్పు అని బళ్ళో చదువుకున్న పిల్లలకు తాత జాలిగుండె మనిషి అయ్యాడు. దుప్పి కండ్లలోకి చూసి మనసు కరిగి తుపాకి దించాడని మా అత్త పిల్లలు నమ్ముతారు. నేనూ చాన్నాళ్ళు అట్లే చెప్పుకున్నా.

కానీ అవ్వ ఇంకొకటి చెప్పింది. రెండేండ్ల తర్వాత రాగి చేలో మంచె మీద కూర్చుని తాత రాత్రిపూట ఒక అడవిపందిని అదే తుపాకితో కొట్టాడు. చేయి వణకలేదు. ఆ మాంసం ఊరంతా పంచాడు. 1959 ఆయుధ చట్టం కూడా పంట కాపాడుకునే రైతుకు ఇట్లాంటి మూతిలో దట్టించే తుపాకి లైసెన్సుకు దారి ఉంచింది. తాత ఆ లైసెన్సు చివరిదాకా తిప్పుకున్నాడు. జాలితో వేట మానేసిన మనిషి చేసే పనులు కావివి. చీకట్లో పంది ఒక చప్పుడు, ఒక నల్లని ముద్ద. పగటి వెలుగులో ఆరు బారల్లో నిలబడి మనల్ని చూసే దుప్పి వేరు.

అమెరికా వేటగాళ్ళు దీనికి ఎప్పుడో పేరు పెట్టుకున్నారు, బక్ ఫీవర్ అని. మగ జింకను చూడగానే వచ్చే జ్వరం. వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త 1915లోనే భయం, కోపం కలిగినప్పుడు ఒంట్లో ఏమవుతుందో పుస్తకం రాశాడు. పోరాటానికో పరుగుకో ఒళ్ళు సిద్ధమవుతుందని చెప్పాడు. తర్వాత వచ్చినవాళ్ళు మూడోది కూడా చూశారు: ఉన్నచోటే బిగుసుకుపోవడం. కండరాలు బిగుస్తాయి, గుండె వేగం కొంచెం తగ్గుతుంది, చూపు ఒక్కచోట నిలుస్తుంది, చెవికి చుట్టుపక్కల చప్పుళ్ళు అందవు. పులి కంట పడకుండా దుప్పిని కాపాడేది కూడా ఇదే, ఎందుకంటే కదిలేదాన్ని పులి తొందరగా పసిగడుతుంది. ఆ చింతచెట్టు కింద దుప్పి ఏం చేసిందో తాత ఒళ్ళు కూడా అదే చేసింది. అందులో పిరికితనం లేదు, పుణ్యమూ లేదు.

తాత తన ఇష్టంతో చేసింది ఒకటే ఉంది, రాగులు కొలవడం. వేలు కదలకపోవడం ఆయన చేతిలో లేదు. గాదె తెరవడం ఆయన చేతిలోదే. మా ఇంట్లో ఎవరూ ఆ రాగుల గురించి చెప్పుకోరు, ఎందుకంటే అందులో నవ్వడానికీ లేదు, పొగడటానికీ పెద్ద కథ లేదు.

ఇక ఆ కొమ్ములు. ఫోటోలో బాగా చూడండి. రెండు కొమ్ములూ విడివిడిగా ఉన్నాయి. మొదలు గుండ్రంగా, గరుకుగా, తెగిన గుర్తు లేకుండా ఉంది. కొట్టిన జంతువు కొమ్ములైతే మొదట్లో పుర్రె ఎముక అంటుకొని ఉంటుంది. దుప్పి, కణుజు కొమ్ములు రాల్చి మళ్ళీ పెంచుకుంటాయి. ఇవి అట్లా రాలినవే. పశువులు కాసే పిల్లోడు ఏరుకొస్తే, అవ్వ ఒక బళ్ళ రాగులిచ్చి తీసుకుంది. సెగ్గడ్డలకు కొమ్మును సానరాయి మీద అరగదీసి పట్టు వేసేది. గోడకు కొట్టింది ఆమే, తాత కాదు. వచ్చినవాళ్ళు తాతవే అనుకుంటే తాత అవుననలేదు, కాదనలేదు. బహుశా ఆయనకు అది బాగానే ఉండింది.

ఫోటో కింద రాత మార్చాం. ఇప్పుడు ఇట్లా ఉంది: "రాలిన దుప్పి కొమ్ములు. అవ్వ కొన్నది. ఖరీదు ఒక బళ్ళ రాగులు." చిన్నాయన కొడుకుకు ఇంకా అలకే. మీ ఇంటి గోడ మీద కూడా కొమ్ములో, కత్తో, తుపాకి ఫోటోనో ఉంటే, ఇంట్లో పెద్ద ఆడవాళ్ళు ఇంకా ఉండగానే ఒకసారి అడిగి రాసుకోండి.